కోర్ టైప్, షెల్ టైప్: తెలుగులో ఏమందాం?

డిప్లొమా పిల్లల కోసం ట్రాన్స్‌ఫార్మర్ల మీద తెలుగులో పాఠాలు రాస్తున్నాను. పరివర్తకం, తీగచుట్ట అనే మాటలు ఉండనే ఉన్నాయి. కోర్ (ఇనుప భాగం), తీగచుట్ట అమరికను బట్టి ట్రాన్స్‌ఫార్మర్లకు పెట్టిన కోర్ టైప్, షెల్ టైప్ అనే పేర్ల దగ్గర ఆగిపోయాను. ‘గర్భ రకం’, ‘కవచ రకం’ అంటే నప్పుతుందా?

వ్యాఖ్య 1
నప్పదండి. కవచం అంటే పిల్లలు బయటి నూనె ట్యాంకు అనుకుంటారు. గర్భం అంటే మరీ చిక్కు, కోర్ రెండింటిలోనూ ఉంటుంది కదా! ఏది లోపల, ఏది బయట అన్నదే అసలు తేడా. 1885లో బుడాపెస్ట్‌లోని గాంజ్ కర్మాగారంలో జిపెర్నోవ్‌స్కీ, బ్లాతీ, డేరీ మొదటినుంచీ రెండు రూపాలూ చేశారు: ఒకదానిలో ఇనుము మీద రాగి తీగ చుట్టారు, రెండోదానిలో రాగి చుట్ట మీద ఇనుప తీగ చుట్టారు. కాబట్టి కోర్ టైప్‌ను ‘చుట్ట బయటిది’, షెల్ టైప్‌ను ‘ఇనుము బయటిది’ అనండి. కోర్ అన్న మాటను మాత్రం కదపకండి, అది అందరికీ తెలుసు.

ఈ పేర్లు పెడితే లాభాలు కూడా వాటంతటవే అర్థమవుతాయి. చుట్ట బయట ఉంటే ఇన్సులేషన్ ఇవ్వడం తేలిక, చల్లబరిచే నూనె బాగా తగులుతుంది, కాలిపోతే పై యోక్ (కోర్ పైన ఉండే అడ్డ భాగం) విప్పి చుట్టను పైకి లాగేయొచ్చు. ఇనుము బయట ఉంటే షార్ట్ సర్క్యూట్‌లో చుట్టల్ని తోసే బలానికి గట్టి ఆసరా దొరుకుతుంది. ఫ్లక్స్ (అయస్కాంత ప్రవాహం) కోర్ నడిమి కాలులో, అంటే నిలువు భాగంలో, మొత్తంగా నడిచి, పక్క కాళ్లలో సగం సగం పంచుకుంటుంది, అందుకే అవి సగం వెడల్పే ఉంటాయి. స్టెబిలైజర్లలో వాడే ఈ-ఐ స్టాంపింగులు (E, I అక్షరాల ఆకారంలో కోసిన కోర్ రేకులు) ఈ రకమే. రెండు ‘ఈ’లను ఎదురెదురుగా కోస్తే మధ్య ఖాళీల్లోంచి వచ్చే ముక్కలే రెండు ‘ఐ’లు అవుతాయి, రేకు వృథా కాదు. ఎంత తెలివైన కొలత!

వ్యాఖ్య 2
ఉంగరంలా గుండ్రంగా ఉండే కోర్‌ను, అంటే టొరాయిడ్‌ను, ‘కంకణ కోర్’ అనొచ్చు. పొడవాటి సిలికాన్ స్టీల్ పట్టీని గుండ్రంగా చుట్టి చేస్తారు కాబట్టి అతుకు ఉండదు, హమ్మింగ్ తక్కువ, బయటికి పోయే ఫ్లక్స్ కూడా తక్కువే. ఆంప్లిఫయర్లలో అందుకే ఇష్టపడతారు. కానీ రంధ్రంలోంచి తీగ దూర్చి చుట్టడం కష్టం, స్విచ్ వేయగానే లాగే కరెంటూ ఎక్కువ.

వ్యాఖ్య 3
కాళ్లను పైనా కిందా కలిపే యోక్‌కు తెలుగు మాట వెతకనక్కర్లేదు. ఇంగ్లీషులో యోక్ అంటే ఎడ్ల మెడ మీది కాడే. ‘పై కాడి’, ‘కింది కాడి’ అని రాసేయండి.