బిహ్‌జాద్ చిత్రంలో విగ్రహం ఎందుకు లేదు?

పర్షియన్ చిత్రకళ తెలిసినవారికి నమస్కారం. 1488లో హెరాత్‌లో (నేటి ఆఫ్ఘనిస్తాన్‌లోని నగరం) పర్షియన్ చిత్రకారుడు బిహ్‌జాద్ చిత్రించిన, తనను మోహించిన జులేఖా నుండి యూసుఫ్ (బైబిల్‌లోని యోసేపు) తప్పించుకుపోయే ఘట్టం గురించి నాదొక సందేహం. ఇప్పుడు కైరోలో ఉన్న ఆ రాతప్రతి పర్షియన్ కవి సాదీ కావ్యం ‘బూస్తాన్’దే అయినప్పటికీ, తలుపు వెనుక తలుపు మూసిన ఏడు గదుల భవనం మాత్రం ఇదే కథపై మరో పర్షియన్ కవి జామీ రాసిన కావ్యంలోనిది, జామీ పద్యపాదాలు సైతం ఆ గోడలపై కనిపిస్తాయి. అయితే ఆ కథలో జులేఖా సిగ్గుతో గుడ్డ కప్పిన, తాను పూజించే విగ్రహం గానీ, ఆమె గోడలపై వేయించిన తమ ఇద్దరి బొమ్మలు గానీ చిత్రంలో లేవు. (ఎర్రని దుస్తుల్లో ఆమె చాచిన చేతికన్నా ఆ ఖాళీ గదులే నన్ను ఎక్కువగా కలవరపెడతాయి.) చిత్రకారుడు వాటిని కావాలనే వదిలివేశాడని భావించవచ్చా? పర్షియన్ చదవగలవారు గోడలపై ఉన్న పద్యపాదాల భావాన్ని కూడా దయచేసి తెలుపగలరా?