అప్‌డేట్: 1500 కిలోలు లాగే ఎస్‌యూవీకి 980 కిలోల క్యారవాన్ సరిపోయిందా?

బెంగళూరు నుంచి నలుగురం వెళ్లడానికి, 1500 కిలోలు లాగే మా ఎస్‌యూవీకి 980 కిలోల క్యారవాన్ (కారు వెనక తగిలించి లాగే ఇల్లులాంటి ట్రైలర్) సరిపోతుందా అని అడిగాను కదా. సరిపోతుంది, నీళ్ల ట్యాంకు ఖాళీగా ఉంటేనే.

980 అనేది ఖాళీ బరువు. ఏసీ, బ్యాటరీ, గ్యాస్ సిలిండర్, సామాన్లు, 80 లీటర్ల నీళ్లు కలిపితే హోసూరు రోడ్డులో లారీ కాటా మీద 1350 చూపించింది. 1500 లోపే ఉంది. అసలు తిరకాసు కారు మోయగల బరువు దగ్గర. అది 500 కిలోలే. మనుషులు 280, హిచ్ (ట్రైలర్ తగిలించడానికి కారు వెనక బిగించే కొక్కెం) 25, ట్రైలర్ ముక్కు కారు మీద మోపే బరువు 135, మొత్తం 440. డిక్కీలో 70 కిలోల లగేజీ పెడితే దాటిపోతుంది. అందుకే దాన్ని ట్రైలర్‌లో ఇరుసు మీదకి చేర్చాం. వెనక చివర పెడితే ముక్కు తేలిపోయి, స్పీడు పెరిగేకొద్దీ ట్రైలర్ తోక ఊపుతుంది.

కారు, ట్రైలర్ కలిపి పరిమితి 3600. మనుషులు, హిచ్‌తో కారు 2255, దానికి 1350 కలిపితే 3605! నీళ్లు తీసేస్తే 3525. ట్యాంకు ఇరుసు మీదే ఉంది కాబట్టి ముక్కు బరువు పెద్దగా మారదు.

ఆ ముక్కు బరువుని లారీ కాటా మీద చూడొద్దు, అది 5, 10 కిలోల లెక్కనే చూపిస్తుంది. చక్రాలకి అడ్డు పెట్టి, హిచ్ ఎత్తుకి కోసిన చెక్క దిమ్మెని ఇంట్లో బరువు చూసుకునే మిషన్ మీద నిలబెట్టి, కప్లర్‌ని (ట్రైలర్ ముక్కు చివర హిచ్‌కి తగిలే భాగం) దానిమీదకి మెల్లగా దించాలి. ట్రైలర్ మొత్తం బరువులో 10 శాతం కన్నా తగ్గితే సామాను ముందుకి జరపాలి.

ట్రైలర్‌కి సొంత బ్రేకులు లేకపోతే ఇదే కారు పరిమితి 750 మాత్రమే. బ్రేకులున్నా మంగళూరు దారిలోని శిరాడి ఘాట్ దిగేటప్పుడు తక్కువ గేరులోనే దిగండి.