మంటకు ఆగే కాటన్ కోట్లు: పోయింది మందా, లేక మన బోరు నీళ్ల పనా?

తాడిపత్రి షెడ్డు: మా వెల్డర్లకు మంటకు ఆగే కాటన్ కోట్లు కొన్నాను. 50 ఉతుకుల దాకా మంటకు ఆగుతాయని లేబుల్ మీద ఉంది. ఏడాది తిరగకుండానే రవ్వ పడితే మామూలు గుడ్డలా అంటుకుంటోంది. ఇంత డబ్బు పెట్టే బదులు బోరాక్స్ (వెలిగారం) నీళ్లలో మనమే ముంచుకుంటే పోదా?

రాయదుర్గం కుట్టుమిషన్: వద్దన్నా. బోరాక్స్ నీళ్లలో కరిగేది, మొదటి ఉతుకుకే పోతుంది. స్టేజీ తెరలకు సరిపోతుందేమో, రోజూ చెమట పట్టే కోటుకు కాదు. మీ కోట్లకు పట్టించేది ఫాస్ఫరస్ మందు. వేడికి నూలు మండే ఆవిరిగా మారకుండా బొగ్గయ్యేలా చేస్తుంది. ఒక రకంలో మందును అమ్మోనియాతో నూలు పోగు లోపలే గట్టిపరుస్తారు. ఇంకో రకంలో రెసిన్ అనే జిగురు లాంటిది కలిపి, ఓవెన్‌లో వేడిచేసి నూలుకే అతికిస్తారు. రెండూ ఉతుకులకు నిలిచేవే.

ఆదోని పత్తి: నిలిచేవైతే ఈయన కోటు ఎందుకు మండింది? ఓవెన్‌లో సరిగ్గా వేడిచేయకుండా గుడ్డను మీటర్లకు మీటర్లు తోసేస్తే అతకని మందంతా కాలవలోకి పోతుంది. కొన్నవాడు నీళ్లను తిట్టుకోవాలి, అమ్మినవాడు హాయిగా ఉండాలి!

రాయదుర్గం కుట్టుమిషన్: అదీ జరుగుతుంది, కాదనను. కానీ అన్నా, ఉతికేది దేనితో?

తాడిపత్రి షెడ్డు: బోరు నీళ్లు, బట్టల సబ్బు. మరకలకు బ్లీచింగ్.

రాయదుర్గం కుట్టుమిషన్: బ్లీచింగ్ ఈ రోజే ఆపేయండి, అది మందును దెబ్బతీస్తుంది. బోరు నీళ్లలోని కాల్షియం సబ్బుతో కలిసి పోగుల మీద జిడ్డు పొర కడుతుంది. ఆ పొరే మండుతుంది. మందు లోపల ఉన్నా లాభం లేదు. సబ్బు మాని డిటర్జెంట్ వాడండి. బట్టలు మెత్తబడడానికి వేసే కంఫర్ట్ లాంటివి కూడా వద్దు.

ఆదోని పత్తి: ల్యాబ్‌లో నీళ్లూ డిటర్జెంటూ కొలిచి పోసి 50 అంటారు. అనంతపురం జిల్లా బోరుకు ఆ లెక్క ఎట్లా పనికొస్తుంది? ఏ నీళ్లకో లేబుల్ మీదే రాయాలి.

రాయదుర్గం కుట్టుమిషన్: రాయాల్సిందే. ఈలోగా పోయింది మందా, జిడ్డు పొర పనా అన్నది తేల్చుకోవచ్చు. పాత కోటు అంచు నుంచి రెండు ముక్కలు కోయండి. ఆ పొర వదిలేలా ఒకదాన్ని వెనిగర్ కలిపిన నీళ్లలో నానబెట్టి, జాడించి ఆరబెట్టండి. ఆరుబయట, పక్కన నీళ్ల బకెట్ పెట్టుకుని, పట్టకారుతో పట్టి రెండింటికీ మంట చూపండి. మంట తీయగానే వెనిగర్ ముక్క ఒక్కటే ఆరిపోతే తప్పు మన ఉతుకుది. రెండూ మండుతుంటే మందు పోయినట్టే, ఆ కోట్లు ఇంక ఎవరికీ తొడగొద్దు.

ఆదోని పత్తి: రెండూ మండితే ఆ ముక్కలు అమ్మినవాడి టేబుల్ మీదే పెట్టండి.