అప్‌డేట్: సియాటెల్‌లో సాల్మన్ సర్వేకి వెళ్తున్నాను

చేపల గురించి ఓనమాలు రానివాళ్లని సాల్మన్ వాలంటీర్లుగా తీసుకుంటారా అని ఆమధ్య అడిగాను కదా. తీసుకుంటారు. వెస్ట్ సియాటెల్‌లోని లాంగ్‌ఫెలో క్రీక్‌కి వెళ్తున్నాను.

వాగు వెంట నడుస్తూ కోహో సాల్మన్‌లని (సముద్రం నుంచి వాగుల్లోకి గుడ్లు పెట్టడానికి వచ్చే ఒక రకం సాల్మన్ చేపలు), బతికున్నవీ చచ్చినవీ, లెక్క రాసుకోవాలి. చచ్చిన ఆడచేప దొరికితే పొట్ట కోసి చూస్తాం. ఖాళీగా ఉంటే గుడ్లు పెట్టాకే పోయిందని లెక్క. నేను చూసిన మొదటిదాని కడుపునిండా నారింజరంగు గుడ్లు అలాగే ఉన్నాయి. సముద్రం నుంచి వాగుదాకా వచ్చి కూడా! వాసన సంగతి చెప్పను.

ఇలా గుడ్లు పెట్టకముందే చావడానికి కారణం మన కార్ల టైర్లేనట. టైరు రబ్బరు పగలకుండా కలిపే 6పీపీడీ అనే రసాయనం గాలిలోని ఓజోన్ తగిలి 6పీపీడీ-క్వినోన్ అనే విషంగా మారుతుంది. వాన పడగానే రోడ్డు మీది టైరు పొడితోపాటు వాగులో కలుస్తుంది. ఇది తేలింది 2020లోనే. అదే నీళ్లలో చమ్ అనే ఇంకో రకం సాల్మన్ తట్టుకుంటుంది, కోహో మాత్రం గంటల్లో పోతుంది.

పిల్లల్ని తీసుకెళ్లొచ్చా అన్నవాళ్లకి: సర్వేకి వద్దు, కోతలు చూడలేరు. ఒడ్డున బ్లాక్‌బెర్రీ ముళ్లపొదలు పీకి సీడార్ మొక్కలు నాటే రోజులుంటాయి, వాటికి తీసుకెళ్లండి. మందపాటి గ్లవుజులు మర్చిపోవద్దు.