గుండెలో మెటల్ వాల్వు ఉన్నవాళ్లు టెస్టు అక్కర్లేని కొత్త మాత్రకి మారవచ్చా?

గుణుపురం కుర్రాడు:
అమ్మకి చిన్నప్పుడు వచ్చిన కీళ్లవాతం జ్వరం వల్ల గుండెలో మైట్రల్ వాల్వు (ఎడమ గదుల మధ్య ఉండే తలుపు లాంటిది) పాడైతే విశాఖలో మెటల్ వాల్వు వేశారు. అప్పటి నుంచి రోజూ సాయంత్రం అసిట్రోమ్ (రక్తం గడ్డ కట్టకుండా ఇచ్చే పాత రకం మాత్ర), నెలనెలా పీటీ ఐఎన్‌ఆర్ టెస్టు (రక్తం గడ్డ కట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసేది). గుణుపురం నుంచి విశాఖ రైలెక్కితే ఒక రోజు పని పోయినట్టే. మా మావయ్యకి గుండె లయ తప్పుతోందని (ఏఎఫ్ అంట) అపిక్సాబాన్ అనే కొత్త రకం మాత్ర ఇచ్చారు. ఆయనకి ఐఎన్‌ఆర్ గొడవే లేదు. అమ్మకీ అదే రాయమని డాక్టరుగారిని అడుగుదామని నేను, వద్దని అన్నయ్య. మీరేమంటారు?

రాయగడ రైల్వే కాలనీ:
అడుగు బాబూ, తప్పేముంది? మా నాన్నగారు కూడా ఏఎఫ్‌కి అపిక్సాబానే వాడుతున్నారు. పాత మందులా ఆకుకూర పట్టింపు లేదు, ప్రయాణాలు తగ్గాయి. కాలం మారాక కూడా పాత మందునే పట్టుకుని వేలాడటం ఎందుకు?

జయపురం మందుల షాపు:
మీ నాన్నగారిదీ ఈ అబ్బాయి తల్లిదీ ఒకే జబ్బు కాదండీ. మెటల్ వాల్వు ఉన్నవాళ్లకి ఈ కొత్త మందులు పనికిరావు. అపిక్సాబాన్ లాంటిదే ఇంకో కొత్త మందు డాబిగాట్రాన్‌ని మెటల్ వాల్వు వాళ్ల మీద పరీక్షించారు. రక్తం గడ్డలు, రక్తస్రావం రెండూ వార్ఫరిన్ (అసిట్రోమ్ లాంటి పాత మందే) కంటే ఎక్కువ రావడంతో ఆ పరీక్షని మధ్యలోనే ఆపేశారు, ఫలితాలు 2013లో వచ్చాయి. తర్వాత బృహద్ధమని వాల్వు వేయించుకున్నవాళ్లలో అపిక్సాబాన్‌ని చూశారు. గడ్డలు ఎక్కువ వస్తున్నాయని 2022లో దాన్నీ ఆపేశారు. మైట్రల్ చోట రక్తం ఇంకా నెమ్మదిగా పారుతుంది, గడ్డ కట్టే ముప్పు ఇంకా ఎక్కువ. ఇది అలవాటైన మందు మీద మమకారం కాదు. గడ్డ కట్టి వాల్వు ఇరుక్కుపోతే ప్రాణం మీదకి వస్తుంది.

పర్లాకిమిడి మాస్టారు:
షాపు గారు చెప్పింది పుస్తకం ప్రకారం సరే. కానీ నెలనెలా టెస్టు చేయించలేని మనిషికి పాత మందు మాత్రం క్షేమమా? మా ఏజెన్సీ ఊళ్లలో ఐఎన్‌ఆర్ చూసుకోకుండా నెలల తరబడి అదే డోసు మింగుతున్నవాళ్లు ఉన్నారు. చిగుళ్ల నుంచి రక్తం కారేదాకా ఎవరికీ తెలియదు. పట్నం డాక్టర్ల లెక్కలు మన దారులకి సరిపోతాయా?

బరంపురం నర్సు:
మాస్టారూ, మీ ప్రశ్న న్యాయమైనదే. 2022లోనే ఇన్విక్టస్ అని ఒక పెద్ద పరీక్ష ఫలితాలు వచ్చాయి. కీళ్లవాతం వల్ల వాల్వు పాడై ఏఎఫ్ కూడా ఉన్న 4,500 మందికి పైగా, ఎక్కువగా మనలాంటి పేద దేశాలవాళ్లు. సగం మందికి రివరోక్సాబాన్ అనే కొత్త మందు, సగం మందికి పాత రకం మందు. వాళ్ల ఐఎన్‌ఆర్ కూడా అంత బాగా అదుపులో లేదు. అయినా పాత మందు వాళ్లలోనే చావులు తక్కువ, రక్తస్రావం ఎక్కువేమీ కాలేదు. మెటల్ వాల్వు వాళ్లని అందులో చేర్చుకోలేదు కాబట్టి అది నేరుగా ఈ అమ్మ గురించి కాదు. అయినా "టెస్టు దూరం కాబట్టి కొత్త మందే మేలు" అనుకోవడానికి మాత్రం కుదరదు.

తమ్ముడూ, మందు మార్చడం వదిలేసి టెస్టుని దగ్గరికి తెచ్చుకునే దారి చూడు. విశాఖ వెళ్లాల్సింది డాక్టరు కోసం, రక్తం ఇవ్వడానికి కాదు. నీలం మూత గొట్టంలో గీత దాకా రక్తం నింపి ఇస్తే దగ్గరి ల్యాబుకి అదే రోజు పంపవచ్చు. గొట్టం సగమే నింపితే ఐఎన్‌ఆర్ లేనిపోని ఎక్కువ చూపిస్తుంది, ఆ మాట తీసేవాళ్లకి గట్టిగా చెప్పు. ప్రతిసారీ అదే ల్యాబు. రిపోర్టు ఫొటో డాక్టరుగారికి పంపితే డోసు ఫోనులో చెప్పడానికి చాలామంది ఒప్పుకుంటారు. మైట్రల్ మెటల్ వాల్వుకి సాధారణంగా 2.5 నుంచి 3.5 మధ్య ఉండమంటారు, మీ అమ్మ చీటీలో ఎంత రాశారో చూడు.

రాయగడ రైల్వే కాలనీ:
మెటల్ వాల్వు సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటున్నా. ఆకుకూర మాట మాత్రం తప్పా?

బరంపురం నర్సు:
ఆకుకూర మానమని ఎవరన్నారు? వారానికి రెండుసార్లు తోటకూర పప్పు తినేవాళ్లు రెండుసార్లే తింటూ పోవచ్చు. వానాకాలం రాగానే రోజూ మునగాకు, కార్తీకంలో ఉపవాసాలు పెట్టి అన్నీ బంద్, ఇలా ఒక్కసారిగా మారితేనే ఐఎన్‌ఆర్ అటూ ఇటూ పోతుంది. నన్నడిగితే కూర కంటే మందులదే పెద్ద ప్రమాదం. విరేచనాలకి మెట్రోనిడాజోల్, తామరకి ఫ్లుకొనజోల్ వేస్తే ఐఎన్‌ఆర్ పైకి పోతుంది, రక్తం కారే ముప్పు. టీబీ మందు రిఫాంపిసిన్ మొదలెడితే కిందకి పడిపోతుంది, గడ్డ కట్టే ముప్పు. ఒళ్లు నొప్పులంటే ఊళ్లో ఆర్‌ఎంపీ పిరుదు మీద డైక్లోఫెనాక్ సూది వేస్తాడు, అక్కడ లోపల రక్తం గూడు కడుతుంది. నొప్పికి పారాసిటమాల్ వేసుకోవచ్చు, అదీ రోజులకి రోజులు కాదు.

జయపురం మందుల షాపు:
రైల్వే కాలనీ గారూ, మీ నాన్నగారికి ఐఎన్‌ఆర్ అక్కర్లేదు కానీ కిడ్నీ పరీక్ష (క్రియాటినిన్) కనీసం ఏడాదికోసారి చేయించండి. అపిక్సాబాన్ రోజుకి రెండుసార్లు. ఒక పూట మరిచిపోతే రక్షణ త్వరగా తగ్గిపోతుంది. టెస్టు లేదు కదా అని మాత్ర కూడా తేలిగ్గా తీసుకునేవాళ్లని కౌంటరు దగ్గర చూస్తూనే ఉంటాను.

గుణుపురం కుర్రాడు:
అక్కా, అమ్మ డోసు సోమ, బుధ, శుక్రవారాలు 2, మిగతా రోజులు 3 మిల్లీగ్రాములు. అమ్మకి తెలుగు చదవడం వచ్చు, స్ట్రిప్పు మీద ఇంగ్లీషు, షాపతను కవరు మీద ఒడియాలో రాసిస్తాడు. ఒక రోజు మరిచిపోతే మర్నాడు రెండూ కలిపి వేసుకోవచ్చా?

బరంపురం నర్సు:
వద్దు. అదే రోజు గుర్తొస్తే వేసుకోమను. మర్నాడు గుర్తొస్తే ఆ రోజుది మాత్రమే, మరిచిపోయిన సంగతి డాక్టరుకి చెప్పాలి. వంటింటి క్యాలెండరులో ఒక్కో తారీకు పక్కన 2, 3 అని రాసిపెట్టి, వేసుకున్నాక అమ్మనే టిక్కు కొట్టమను. తలకి దెబ్బ తగిలినా, నల్లగా విరేచనమైనా, మాట తడబడినా, ఆయాసం ఒక్కసారిగా పెరిగినా వెంటనే ఆసుపత్రికి. "రేపు చూద్దాం" అనొద్దు.

పర్లాకిమిడి మాస్టారు:
మందు మార్చొద్దన్న మాట ఒప్పుకుంటాను. దూరం సంగతి మాత్రం ఇంకా తేలలేదు. వేలి చుక్కతో ఐఎన్‌ఆర్ చూపే చిన్న మిషన్ వస్తుంది కదా, అలాంటి రోగులున్న నాలుగైదు ఇళ్లవాళ్లు కలిసి కొనుక్కుంటే?

జయపురం మందుల షాపు:
మిషన్ కంటే రక్తం చుక్క వేసే స్ట్రిప్పులకే ఖర్చు మాస్టారూ, వాటికి గడువు తేదీ కూడా ఉంటుంది. సూది మాత్రం ఎవరిది వాళ్లదే. కొన్నాక ల్యాబు రిపోర్టుతో ఒకసారి పోల్చి చూసుకోవాలి. మీ వైపు ఎంతమంది కలుస్తారో కనుక్కోండి, రేటు నేను అడిగి చెబుతాను.