35వ వారంలో కోవిడ్ పాజిటివ్: బిడ్డకు ఎంత ప్రమాదం?

ప్రశ్న:
మా చెల్లికి 35వ వారం. నిన్న కోవిడ్ పాజిటివ్ వచ్చింది. జ్వరం, దగ్గు ఉన్నాయి, ఆయాసం లేదు. ఆక్సిజన్ 97 చూపిస్తోంది. కడుపులో బిడ్డకు సోకుతుందా? సిజేరియన్ తప్పదా? పాలు ఇవ్వొచ్చా? తలా ఒక మాట చెబుతున్నారు. కాన్పుల వార్డులో, పసిపిల్లల వార్డులో పనిచేసేవాళ్లు చెప్పండి.

ప్రసూతి వార్డు డాక్టర్:
కడుపులోనే సోకడం అరుదండీ. పాజిటివ్ తల్లులకు పుట్టిన పిల్లల్లో పాజిటివ్ తేలేది నూటికి సుమారు ఇద్దరికి. అందులోనూ కడుపులో సోకిందని రుజువైనవి చాలా కొద్ది. బిడ్డకు అసలు ముప్పు తల్లి నుంచి వస్తుంది. ఆమె ఆక్సిజన్ పడిపోవడం, బీపీ పెరగడం, నెలలు నిండకుండా కాన్పు కావడం, వీటిని కనిపెట్టుకుని ఉండాలి.

జ్వరానికి పారాసిటమాల్ 500 లేదా 650 మి.గ్రా., మోతాదుకూ మోతాదుకూ మధ్య కనీసం 6 గంటలు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ ముట్టుకోవద్దు. 20 వారాలు దాటాక అవి వాడితే ఉమ్మనీరు తగ్గుతుంది. ఆక్సిజన్ రోజుకు మూడుసార్లు చూడండి. గోళ్ల రంగు తీసేసి, చేతులు చల్లగా ఉంటే రుద్ది వేడెక్కించి, అంకె నిలబడేదాకా ఆగాలి. 95 కంటే తగ్గితే వెంటనే ఆసుపత్రికి. మామూలు మనిషికి చెప్పే హద్దులు గర్భిణికి పనికిరావు. కోవిడ్ వైరస్‌ను అణిచే మాత్రలు నిర్మాట్రెల్విర్-రిటోనవిర్ వాడాలంటే లక్షణాలు మొదలైన 5 రోజుల్లోపే, కాబట్టి ఇవాళే డాక్టర్‌ని అడగండి. ఆమె వేసుకుంటున్న మందులన్నీ చూపించాలి, కొన్నింటితో అది పడదు. మోల్నుపిరవిర్ అనే మరో కోవిడ్ మందు మాత్రం గర్భంలో వద్దు.

పాజిటివ్ అన్న ఒక్క కారణంతో సిజేరియన్ చేయరు.

ఫీటల్ మెడిసిన్ (కడుపులో బిడ్డ ఆరోగ్యం చూసే) డాక్టర్:
ఒకటి కలుపుతాను. కొందరిలో వైరస్ మాయను (ప్లాసెంటాను) దెబ్బతీస్తుంది. లోపల ఫైబ్రిన్ (రక్తం గడ్డకట్టించే పీచులాంటి పదార్థం) పేరుకుపోయి బిడ్డకు రక్తం సరిగా అందదు. డెల్టా రకం వైరస్ ప్రబలిన కాలంలో ఇది ఎక్కువగా కనిపించింది. టీకా వేయించుకున్నవాళ్లలో బాగా అరుదు. చిక్కేమిటంటే, తల్లికి జలుబు, దగ్గు తప్ప ఏమీ లేకపోయినా ఇది జరగొచ్చు. ఆక్సిజన్ 98 ఉంది కదా అని ధీమాగా ఉండకూడదు. కదలికలు రోజూ ఉండే తీరుకన్నా తగ్గాయనిపిస్తే, రాత్రయినా సరే, వెళ్లి బిడ్డ గుండె చప్పుడు రికార్డు చేయించాలి. తీపి తిని చూద్దాం, తెల్లారాక చూద్దాం అనొద్దు.

పసిపిల్లల వార్డు నర్సు:
తల్లీబిడ్డలను విడదీయక్కర్లేదు. పాలలో బతికున్న వైరస్ ఉండదు, పైగా యాంటీబాడీలు అందుతాయి. పట్టేముందు చేతులు సబ్బుతో కడుక్కుని, ముక్కూ నోరూ మూసేలా మాస్కు పెట్టుకోవాలి. పట్టడం అయ్యాక ఉయ్యాల కాస్త దూరంగా. బిడ్డకు మాత్రం మాస్కు ఎప్పుడూ వద్దు, ఊపిరాడదు.

పుట్టగానే తీసిన స్వాబ్ నమ్మదగినది కాదు, తల్లి రక్తం, స్రావాలు అంటుకుని తప్పుడు పాజిటివ్ రావచ్చు. 24 గంటలకు ఒకసారి, నెగెటివ్ అయితే 48 గంటలకు మళ్లీ తీస్తాం. ఇంటికెళ్లాక ఊపిరి నిండు నిమిషం లెక్కపెట్టండి. పసిపిల్లలు ఊపిరి ఆపి ఆపి తీస్తారు, 15 సెకన్లు లెక్కించి నాలుగింతలు చేస్తే తప్పుతుంది. 60 దాటినా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగకపోయినా, ఒళ్లు 37.5 డిగ్రీల సెల్సియస్ దాటినా, 35.5 కంటే తగ్గినా ఆగకుండా తీసుకురండి.

ప్రశ్నించినవారు:
పాలు పిండి ఇంకొకరు పట్టిస్తే మేలని మా వదిన అంటున్నారు. నిజమేనా?

పసిపిల్లల వార్డు నర్సు:
చెల్లి ఓపికగా కూర్చోగలిగితే అవసరం లేదు. లేవలేని స్థితిలో ఉంటేనే ఆ పద్ధతి. అప్పుడు రెండు మూడు గంటలకోసారి, రాత్రిళ్లు కూడా పిండాలి, లేకపోతే పాలు తగ్గిపోతాయి. పంపు విడిభాగాలు ప్రతిసారీ సబ్బునీళ్లతో కడగాలి. ఆ పాలు మరిగించొద్దు, చెంచాతోనో చిన్న కప్పుతోనో పట్టండి. పట్టే మనిషికి దగ్గు, జలుబు ఉండకూడదు, పాజిటివ్ వచ్చిన ఇంట్లో ముందు చూసుకోవాల్సింది అదే.