విజయవాడ ఎండలో మొదటి బోన్సాయ్: ఏ చెట్టుతో మొదలుపెట్టాలి?

ప్రశ్న: మిద్దెతోట (సత్యనారాయణపురం, విజయవాడ)

అందరికీ నమస్కారం. మేము మూడో అంతస్తులో ఉంటాము. తూర్పు వైపు బాల్కనీలో ఉదయం 10 గంటల దాకా ఎండ పడుతుంది, డాబా మీద కూడా ఒక మూల వాడుకోమని ఇంటివారు చెప్పారు. పదేళ్లుగా మల్లె, కరివేపాకు, గులాబీలు పెంచుతున్నాను కాబట్టి కుండీలూ ఎరువులూ నాకు కొత్త కాదు. బోన్సాయ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం రెండుసార్లు దెబ్బతిన్నాను.

మొదటిది నిరుడు సంక్రాంతి ముందు ఒక పూల ప్రదర్శనలో కొన్న జూనిపర్. పళ్లెం లాంటి కుండీలో, పైన తెల్ల గులకరాళ్లు జిగురుతో అతికించి, చూడటానికి ఎంతో ముచ్చటగా ఉంది. హాల్లో టీపాయ్ మీద పెట్టుకోవచ్చని, రెండు రోజులకోసారి నీళ్లు చిలకరిస్తే చాలని అమ్మినవారు చెప్పారు. మార్చి దాకా పచ్చగానే ఉంది. ఏప్రిల్‌లో ఒకరోజు దుమ్ము తుడుద్దామని కొమ్మ పట్టుకుంటే ఆకంతా పొడిపొడిగా చేతిలోకి రాలిపోయింది. రెండోది ఆన్‌లైన్‌లో తెప్పించిన ‘బోన్సాయ్ విత్తనాలు’. నెలన్నర పాటు తడిపినా వాటిలో ఒక్కటీ మొలవలేదు.

ఈసారి తెలిసినవారిని అడిగిన తరువాతే డబ్బు ఖర్చుపెట్టాలని అనుకుంటున్నాను. మన వేసవిని తట్టుకునే చెట్లు ఏవి? నర్సరీలో దొరికే సన్నటి మొక్కను తెచ్చి నేరుగా చిన్న కుండీలో పెట్టవచ్చా? మరొక సంగతి కూడా ఉంది. మా మెట్ల పక్క గోడ పగులులో ఒక రావి మొక్క బొటనవేలంత లావున పెరిగింది. గోడ పాడవుతుందని ఇంటివారు దాన్ని తీయించబోతున్నారు. దాన్ని బోన్సాయ్‌గా పెంచుకుందామనుకుంటే, రావిని ఇంట్లో పెంచకూడదని మా అత్తయ్యగారు అభ్యంతరం చెబుతున్నారు. దయచేసి సలహా ఇవ్వగలరు.

సమాధానం: ఊడలమర్రి (బ్రాడీపేట, గుంటూరు)

నమస్కారమండీ. ముందుగా, మీ జూనిపర్ చనిపోవడంలో మీ తప్పు చాలా తక్కువ. జూనిపర్ చలి దేశాల చెట్టు. చలికాలంలో కొన్ని నెలలు దానికి బాగా చల్లటి విశ్రాంతి కావాలి, మిగతా కాలమంతా ఆరుబయట ఎండ, గాలి కావాలి. విజయవాడలో ఆ చలి లేదు, హాల్లో ఆ ఎండ లేదు. పైగా గులకరాళ్లను జిగురుతో అతికిస్తే, చిలకరించిన నీళ్లు పక్కలకు జారిపోతాయే కాని వేరు దాకా దిగవు. ఇంకొకటి, చాలామందికి తెలియనిది: జూనిపర్ వేరు చచ్చిన తరువాత కూడా ఆకు కొన్ని వారాల పాటు పచ్చగానే కనిపిస్తుంది. కాబట్టి మీ చెట్టు మార్చి కంటే ముందే పోయి ఉంటుంది. ఏప్రిల్‌లో మీరు చూసింది ఆఖరి దశ మాత్రమే.

విత్తనాల సంగతి. బోన్సాయ్ అనేది ఒక చెట్టు జాతి పేరు కాదు, పెంచే పద్ధతి పేరు. జపాన్ భాషలో ఆ మాటకు పళ్లెంలో నాటినది అని అర్థం, ఆ విద్య వారికి చైనా నుంచి వచ్చింది. చింతగింజ నాటి బోన్సాయ్ చేయవచ్చు, అదే గింజ పొలంగట్టున నాటితే పెద్ద చెట్టు అవుతుంది. అందువల్ల ‘బోన్సాయ్ విత్తనాలు’ అని ఎవరు అమ్మినా కొనవద్దు.

మనకు నప్పే చెట్ల విషయంలో నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. మొదటి చెట్టు మర్రి జాతిదే కావాలి. నర్సరీలలో ఫైకస్ అని అమ్మే చిన్న ఆకుల రకం అన్నిటికన్నా మేలు. కత్తిరించిన ప్రతిచోటా చిగురు వేస్తుంది, వేరు సగం తీసినా కోలుకుంటుంది, మన ఎండను సొంత ఊరి ఎండలా భరిస్తుంది. దాని తరువాత సీమచింత, చింత, కాగితపు పూల చెట్టు. జేడ్ అని పిలిచే మందపాటి చిన్న ఆకుల మొక్క ఊరికి వెళ్లి వారం రోజులు నీళ్లు పోయకపోయినా బతికే ఉంటుంది. అయితే దానికి అలవాటైన చేయి మిగతా చెట్లకు నీళ్లు తక్కువ పోస్తుంది. అందుకే దాన్ని రెండో చెట్టుగా తీసుకోమని చెబుతాను. కొనడానికి రాజమహేంద్రవరం దగ్గరి కడియం, కడియపులంక దాకా వెళ్లగలిగితే ఎంపిక ఎక్కువగా ఉంటుంది, లేకపోతే మన ఊళ్లలోని మామూలు నర్సరీ చాలు. ‘బోన్సాయ్’ అని చీటీ కట్టినవి వదిలేసి, మూలన పడి ఉన్న పాత కవర్ మొక్కల్లో మొదలు లావెక్కినవి వెతకండి. మట్టిని వేలితో కొంచెం పక్కకు తోసి, కాండం అడుగున వేర్లు నాలుగు వైపులా పరుచుకున్నాయో లేదో చూడండి. కొమ్మను ఎప్పుడైనా మళ్లీ పెంచుకోవచ్చు కాని, ఒక పక్కకే ఉన్న వేరును సరిచేయడానికి సంవత్సరాలు పడుతుంది.

సన్న మొక్కను నేరుగా చిన్న కుండీలో పెట్టవచ్చా అని అడిగారు. పెట్టవద్దు. మీ ప్రశ్నలన్నిటిలో ఇదే ముఖ్యమైనది కాబట్టి కొంత వివరంగా రాస్తాను. పద్దెనిమిదేళ్ల క్రితం నేను రెండు చింత మొక్కలు ఒకే రోజున తెచ్చాను. రెండూ పెన్సిల్ అంత ఉన్నాయి. ఒకదాన్ని ఆత్రంగా రెండంగుళాల లోతు పళ్లెంలో పెట్టి, ప్రతి వారం చిగుళ్లు తుంచుతూ వచ్చాను. రెండోదానికి కుండీ లేక పెరట్లో నీళ్ల తొట్టి పక్కన నేలలో నాటి మరచిపోయాను. ఆరేళ్ల తరువాత చూస్తే పళ్లెంలోది ఇంకా పెన్సిల్ లాగే ఉంది, నేలలోది నా మణికట్టంత అయింది. దీని వెనుక కారణం కష్టమైనది కాదు. ఆకులు తయారు చేసే ఆహారంతోనే కాండం లావెక్కుతుంది. ఆకులను తుంచి, వేరుకు చోటు లేకుండా చేస్తే ఆ లావు ఎక్కడి నుంచి వస్తుంది? అందువల్ల మొదటి మూడు నాలుగేళ్లు మొక్కను నేలలోనో పెద్ద తొట్టిలోనో పెట్టి ఇష్టం వచ్చినంత ఎత్తు పెరగనివ్వండి. కావలసినంత లావు వచ్చాక జానెడు ఎత్తులో కాండాన్ని కోసేయండి. పక్క నుంచి వచ్చే కొత్త చిగుర్లలో ఒకదాన్ని పైకి నడిపిస్తే, మొదలు లావుగా, పైకి పోనుపోను సన్నగా, పెద్ద చెట్టును దూరం నుంచి చూసినట్టు ఉండే ఆకారం వస్తుంది. పళ్లెం అవసరమయ్యేది అప్పుడే.

సమాధానం: కృష్ణ ఒడ్డు (తాడేపల్లి)

బ్రాడీపేట వారు చెట్టు గురించి చెప్పారు కాబట్టి నేను మట్టి, నీళ్ల గురించి రాస్తాను. మన వైపు బోన్సాయ్‌లు చీడపీడల కన్నా వేరుకుళ్లుతోనే ఎక్కువగా పోతున్నాయని నా అనుభవం. నల్లరేగడి పత్తికి, మిరపకు బంగారమే కాని పళ్లేనికి పనికిరాదు. తడిస్తే ముద్ద అవుతుంది, ఎండితే బీటలు వారి వేర్లను తెంపుతుంది. కుండీ ఎంత లోతు తక్కువైతే దాని అడుగున నీరు అంతగా నిలుస్తుంది కాబట్టి, మట్టి సన్నగా ఉంటే వేరుకు గాలి అందదు.

నేను వాడే మిశ్రమంలో రెండు పాళ్లు ఇటుక ముక్కలు, ఒక పాలు ముతక ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు ఉంటాయి. ఇటుక బాగా కాలినదై ఉండాలి. సగం కాలిన ఇటుక ఒక్క వానాకాలానికే తిరిగి బురద అవుతుంది. బట్టీలో పగిలిన ముక్కలు తెచ్చి, సుత్తితో కొట్టి, రెండు జల్లెళ్లు పట్టండి. శనగగింజ కన్నా పెద్దవీ, ఆవగింజ కన్నా చిన్నవీ తీసేసి, మధ్యలో మిగిలినవే వాడండి. సన్నటి ఎర్రపొడి ఎంత శుభ్రంగా పోతే అంత మంచిది. నా మొదటి కుండీలో ఆ పొడిని వదిలేశాను. అడుగున గట్టి పొరలా పట్టి, నీళ్లు దిగక ఒక సీమచింత చనిపోయింది.

నీళ్లకు రోజుల లెక్క పెట్టుకోవద్దు. సన్నటి వెదురు పుల్లను మట్టిలోకి రెండంగుళాలు గుచ్చి పది నిమిషాలు వదిలేసి తీయండి. పుల్ల తడిసి రంగు మారితే ఆ పూట పోయనక్కరలేదు. పోసినప్పుడు మాత్రం అడుగు రంధ్రాల నుంచి కారేదాకా పోయాలి. చలికాలంలో రోజు విడిచి రోజు సరిపోయిన చెట్టే మే నెలలో రోజుకు రెండుసార్లు అడుగుతుంది.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు. ఆ రెండు వారాలు డాబా నేల వేడి కుండీ అడుగు నుంచి వేరును ఉడికిస్తుంది. కుండీలను నేల మీద పెట్టకుండా ఇటుకల మీదకో బల్ల మీదకో ఎత్తండి, సగం ఎండను ఆపే పచ్చ నెట్ కట్టండి, కుండీ పక్కలకు తడి గోనెసంచి చుట్టండి. మీ తూర్పు బాల్కనీ ఉంది కాబట్టి మే నెలంతా చెట్లను అక్కడికి మార్చడమే తేలిక. ఆ రోజుల్లో వేరు కత్తిరించడం, కొమ్మను వంచడానికి లోహపు తీగ చుట్టడం వంటివి పెట్టుకోవద్దు. మృగశిర కార్తె వచ్చి నాలుగు వానలు పడ్డాక చేస్తే ఫైకస్ పదిహేను రోజుల్లో కొత్త ఆకు చూపిస్తుంది.

తీగ మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. వానాకాలంలో ఫైకస్ కొమ్మ ఎంత వేగంగా లావెక్కుతుందంటే, నెల రోజులు చూడకపోతే అల్యూమినియం తీగ బెరడులోకి దిగిపోతుంది, ఆ మచ్చ ఏళ్ల తరబడి పోదు. వారానికోసారి తప్పక చూడండి. తీసేటప్పుడు చుట్టలు విప్పవద్దు, ముక్కలుగా కత్తిరించి తీయండి.

మిద్దెతోట:

ఇద్దరికీ ఎంతో కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం నర్సరీకి వెళ్లి మొదలు లావుగా ఉన్న ఒక ఫైకస్‌ను ఎంచాను. కాని దాని కొత్త ఆకులు కొన్ని మధ్య ఈనె దగ్గర బొబ్బర్లకాయలా మడతపడి, ఎర్రటి చుక్కలతో ఉన్నాయి. కొనవచ్చా, వదిలేయాలా?

సమాధానం: గాలిగోపురం (మంగళగిరి)

కొనండి, భయం లేదు. ఆ మడతను గోటితో విప్పి చూస్తే లోపల నువ్వుగింజ కన్నా సన్నటి నల్లటి పురుగులు, వాటి పసుపుపచ్చని పిల్లలు కనిపిస్తాయి. అవి తామర పురుగులు. ఫైకస్‌కు ఇవి సర్వసాధారణం, చెట్టును చంపవు. మడతపడిన ఆకుల్లోకి మందు చేరదు కాబట్టి వాటిని కోసి, కవర్‌లో మూటకట్టి పారేయండి. ఆ తరువాత లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట వారానికోసారి మూడు వారాలు పిచికారీ చేయండి. అప్పటి దాకా మీ గులాబీలకు దూరంగా ఉంచండి.

ఇక గోడలోని రావి. ఎలాగూ తీసేయబోతున్న మొక్కను బతికించడం మంచి పనే. గోడల మీద పక్షులు వేసిన గింజలతో మొలిచిన మర్రి, జువ్వి మొక్కలను ఇంటివారిని అడిగి తెచ్చుకోవడం మన ప్రాంతంలో చెట్లు సేకరించడానికి చక్కటి దారి. కొండపల్లి వంటి రిజర్వు అడవుల్లో మాత్రం చిన్న మొక్కనైనా తవ్వకూడదు, అది చట్టరీత్యా నేరం. గోడ మొక్క వేరు సందుల్లోకి చొచ్చుకుపోతుంది కాబట్టి పూర్తిగా రాదు. కాండాన్ని అడుగు ఎత్తుకు కోసి, ఉలితో సున్నం కొంచెం కొంచెంగా రాల్చి, వచ్చినంత వేరు తీసుకోండి. కారే పాలను నీటితో కడిగి, ముతక ఇసుక నిండిన కుండీలో నాటి, కదలకుండా తాడుతో కట్టి, నీడలో పెట్టండి. రెండు వారాల్లో చిగురు వస్తే వేరు పట్టిందని అనుకోవద్దు. కాండంలో దాచుకున్న సత్తువతో కూడా చిగురు వస్తుంది. మూడు నెలల దాకా లాగి చూడవద్దు.

మీ అత్తయ్యగారి అభ్యంతరాన్ని నేను తేలికగా తీసుకోను. మా ఇంట్లోనూ మా అమ్మ ఇదే మాట చెప్పింది. రావి వేరు గోడలను చీల్చుతుందన్న అనుభవం, పూజించే చెట్టు మీద కత్తి పెట్టకూడదన్న భక్తి, రెండూ ఆ మాటలో ఉన్నాయి. నేను నా రావి మొక్కను ఊరి చెరువు గట్టున నాటి, ఇంట్లో జువ్విని పెంచుకున్నాను. బోన్సాయ్‌గా చూసినా రావి ఆకు పెద్దది, పొడవాటి తోకతో ఉంటుంది, దాన్ని చిన్న చెట్టుకు సరిపడేంత తగ్గించడం కష్టం. కొత్త ఆకు చిన్నదిగా రావడానికి పాత ఆకులను తుంచేసే పద్ధతికి జువ్వి బాగా లొంగుతుంది.

చెట్టును ఇలా చిన్నదిగా ఉంచడం హింస కాదా అని కూడా ఇంట్లో ఎవరో ఒకరు అడుగుతారు. 1625 నుంచి కుండీలో పెరుగుతున్న ఒక తెల్ల పైన్ చెట్టు 1945లో హిరోషిమా మీద బాంబు పడినప్పుడు అక్కడే ఉండి కూడా బతికి, 1976లో జపాన్ నుంచి అమెరికాకు కానుకగా వెళ్లింది. అది ఈనాటికీ వాషింగ్టన్‌లోని ఉద్యానంలో ఉంది. కొన్నేళ్లకోసారి కొత్త మట్టి, ముదిరిన వేరుకు కత్తిరింపు, రోజూ నీళ్లు అందిన చెట్టు కుండీలోనే ఎన్నో తరాలు నిలుస్తుందని చెప్పడానికి దాన్ని ఉదాహరణగా చూపిస్తాను. మీ అత్తయ్యగారిని మైసూరు దత్త పీఠంలోని కిష్కింధ మూలికా బోన్సాయ్ ఉద్యానానికి ఒకసారి తీసుకువెళ్లండి. అక్కడి చెట్లను చూశాక మా అమ్మ మా ఇంటి జువ్వికి తానే నీళ్లు పోయడం మొదలుపెట్టింది.

మిద్దెతోట:

అత్తయ్యగారికి ఇదంతా చదివి వినిపించాను. రావిని తీసి వారి పుట్టింటి ఊళ్లో గుడి వెనుక నాటిద్దామన్నారు, ఫైకస్‌కు అభ్యంతరం లేదన్నారు. ఆ ఫైకస్‌ను ఈ రోజే తెచ్చి, మడతపడిన ఆకులు తీసేసి, 14 అంగుళాల తొట్టిలోకి మార్చడానికి సిద్ధంగా పెట్టాను. వేప పిండి ఇప్పుడే మట్టిలో కలపవచ్చా?

ఊడలమర్రి:

ఇప్పుడు వద్దండీ. ఈ ఎండల్లో కవర్ మాత్రం కోసి తీసేసి, మట్టిముద్ద చెదరకుండా అలాగే తొట్టిలో దించండి. వేర్లను విప్పడం, కత్తిరించడం మృగశిర తరువాత చూసుకోవచ్చు. కొత్త ఆకులు విచ్చుకుని ముదురు రంగుకు మారిన తరువాత, గుప్పెడు వేప పిండిని తొట్టి అంచు వెంబడి, కాండానికి దూరంగా చల్లి, నెలకోసారి ఇవ్వండి.